అంగుళానికి అడుగు

నిన్న దుగ్గిరాల అవతల ఒక ఊళ్ళో మాట్లాడి వచ్చాను, దాంతో కలిపి పదమూడు మీటింగులు. నా ప్రయాణాల పుస్తకం అచ్చయి ఏడు నెలలైంది. వేసింది 500 కాపీలు, మంచం కింద ఇంకో 160 దాకా ఉన్నాయి, మిగతావి దాదాపు అన్నీ ఈ మీటింగుల్లోనే, నా చేతుల మీదుగా, సంతకం పెట్టి ఇచ్చినవే. ఎలా అమ్ముతున్నావు, ఎవరు పిలుస్తున్నారు, అసలు ఈ ఓపిక ఎక్కడిది నీకు అని చాలామంది ఫోన్లు చేసి అడుగుతున్నారు. ఓపిక సంగతి వదిలేయండి, మిగతావన్నీ చెప్తాను.

కొత్తగా చదివేవాళ్ళ కోసం రెండు ముక్కలు. నాకు ఏడాదిన్నర వయసులో పోలియో వచ్చింది, రెండు కాళ్ళూ పట్టు తప్పాయి. కాలేజీ రోజుల్లో కాలిపర్స్, అంటే కాళ్ళకి బిగించే ఊతకడ్డీలు, వేసుకుని చంక కర్రలతో నడిచేదాన్ని, ఆ కర్రల మీదే బరువంతా వేసీ వేసీ భుజాలు అరిగిపోయాక ఇప్పుడు చక్రాల కుర్చీయే. మన దేశంలో సహజ (వైల్డ్) పోలియో వైరస్ వల్ల ఆఖరి కేసు 2011 జనవరిలో పశ్చిమ బెంగాల్ హౌరా జిల్లాలో వచ్చింది, ఆ తర్వాత అది మళ్ళీ లేదు. ఇప్పుడు పుట్టే పిల్లలకి ఈ కాళ్ళు రావు అన్న మాట తలుచుకున్నప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది. మాది తెనాలి. ఊళ్ళో తిరగడానికి పక్క చక్రాలు బిగించిన స్కూటీ, దూరాలకి రైలు, తోడుగా మా చెల్లెలు. ఎనిమిదేళ్ళలో కాశీ, హంపి, కొచ్చి, ధనుష్కోటి, అరకు, ఇంకా చాలా ఊళ్ళు తిరిగాం. వాటి గురించే పుస్తకం.

నా బ్యాగులో ఎప్పుడూ ఒక టేపు ఉంటుంది, టైలర్ల దగ్గర ఉండే గుడ్డ టేపు కాదు, వడ్రంగులు వాడే స్టీలు టేపు. నా కుర్చీ వెడల్పు 25 అంగుళాలు. లాడ్జిలో బాత్రూం తలుపు 24 అంగుళాలు ఉంటే ఆ రాత్రి నా పని అయిపోయినట్టే, అద్దె ఎంతైనా, ఏసీ ఉన్నా లేకపోయినా. అందుకని వెళ్ళిన ప్రతి చోటా తలుపులు కొలిచాను, మెట్లు లెక్కపెట్టాను, ప్లాట్‌ఫారం మీద లిఫ్టు ఏ చివర ఉందో రాసుకున్నాను. ప్రతి అధ్యాయం చివర ఒక పేజీ ఈ కొలతలకే ఇచ్చాను. రాతప్రతి చూసిన ఒకాయన ఆ పేజీలు తీసెయ్యమ్మా, చదివేవాళ్ళకి విసుగు అన్నారు. తియ్యలేదు. ఇప్పుడు మీటింగుల్లో జనం ముందు తిరగేసేది ఆ పేజీలే.

అచ్చు కథ త్వరగా చెప్పేస్తాను. నేను ఫోన్లో యూనికోడ్‌లో టైపు చేశాను, పేజీలు కూర్చే డీటీపీ వాళ్ళు దాన్ని ప్రెస్సుల్లో వాడే అను ఫాంట్లలోకి మార్చేసరికి ఒత్తులు ఎక్కడివక్కడ ఊడిపోయాయి, మూడు ప్రూఫులు చూడాల్సి వచ్చింది. 184 పేజీలు, అన్నీ కలిపి 64 వేలు అయింది, అది నా జీతంలోంచి దాచుకున్న డబ్బు. పుస్తకాల షాపుకి ఇస్తే నలభై శాతం కమిషన్, డబ్బు అమ్ముడయ్యాక. నేనూ చెల్లెలూ కూర్చుని లెక్క వేసుకుని, సరే, మనమే ఊరూరా తీసుకెళ్దాం అనుకున్నాం.

ఈ మాట అనుకున్నప్పుడు నాకు మా వైపు పాత సంగతి ఒకటి గుర్తొచ్చింది. 1935లో పాతూరి నాగభూషణం గారు పెదవడ్లపూడి, కొల్లూరు మధ్య కాలువలో పడవ మీద గ్రంథాలయం నడిపారు. పుస్తకాలు పడవలో పెట్టుకుని కాలువ గట్టు ఊళ్ళ దగ్గర ఆగడం, జనం వచ్చి తీసుకోవడం. గ్రంథాలయం దాకా రాలేని మనిషి దగ్గరికి గ్రంథాలయమే వెళ్ళాలి అని తొంభై ఏళ్ళ కిందట, నేను రోజూ స్కూటీ మీద వెళ్ళే ఈ కాలువల మీదే అనుకున్నారు. నా స్కూటీ ముందు భాగంలో పాతిక పుస్తకాలు పడతాయి, చెల్లెలి బండి మీద ఇంకో ముప్పై. పాతిక కిలోమీటర్ల లోపు ఊరైతే మేమే వెళ్తాం.

మొదటి రెండు మీటింగులూ నాకు నచ్చలేదు. నిర్వాహకులు మంచివాళ్ళే, టీ బిస్కెట్ దగ్గర్నుంచి అన్నీ చూసుకున్నారు, కానీ పరిచయం చేసేటప్పుడు విధిని ఎదిరించిన ధీర వనిత, వైకల్యాన్ని జయించిన మహిళ, కాళ్ళున్న మనం సిగ్గుపడాలి, ఇట్లా పావుగంట చెప్పారు. నేను ఏ ఊరు వెళ్ళానో మాత్రం చెప్పలేదు. విన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, శాలువా కప్పారు, ఫోటోలు దిగారు, వెళ్ళిపోయారు. ఒక్కళ్ళు కూడా కాశీ గురించి అడగలేదు. ఆ రోజు అమ్ముడైనవి నాలుగు పుస్తకాలు. ఇంటికొచ్చాక చాలా బాధ అనిపించింది, పుస్తకాలు పోనందుకు కాదు. ఎనిమిదేళ్ళు కష్టపడి చూసి, కొలిచి, రాసుకున్నది పక్కన పడిపోయి నా కాళ్ళు మాత్రమే వాళ్ళకి కనపడ్డాయి కదా, అందుకు.

ఏనుగుల వీరాస్వామయ్య గారి కాశీయాత్ర చరిత్ర మీలో కొందరు చదివే ఉంటారు. 1830 మే నెలలో మద్రాసులో బయల్దేరి 1831 సెప్టెంబరులో తిరిగొచ్చారు, కాశీ దాకా వెళ్ళొచ్చారు, పల్లకిలో. అంటే ఆయన్నీ మనుషులే మోశారు, బోయీలు, నెలల తరబడి. నన్ను నాలుగు మెట్లు ఎత్తితే కళ్ళనీళ్ళు పెట్టుకునేవాళ్ళలో ఎవరూ ఆయన పల్లకి గురించి జాలిపడరు. ఆయన పుస్తకాన్ని ఎందుకు చదువుతాం? ఏ మజిలీ తర్వాత ఏ మజిలీ, దారి ఎట్లా ఉంది, ఏ ఊళ్ళో సామాన్లు దొరుకుతాయి, ఎక్కడ దిగడానికి చోటుంది, ఇవన్నీ రాశారు కాబట్టి చదువుతాం. వెనక వచ్చేవాడికి పనికొస్తుందని రాశారు. నా పుస్తకాన్ని కూడా అట్లాగే చదవాలని నా కోరిక, ఆయనంత గొప్పగా రాయలేదు, కానీ రాసింది ఆ ఉద్దేశంతోనే.

మూడో మీటింగు నుంచి పరిచయం నేనే అర పేజీ రాసి ఇస్తున్నాను. ఎక్కడెక్కడికి వెళ్ళాను, ఏ రైల్లో, ఎన్నాళ్ళు, అంతే. శాలువా వద్దని ముందే ఫోన్లో చెప్తున్నాను, దాని బదులు మీ ఊరి లైబ్రరీకి రెండు పుస్తకాలు కొనండి అంటే ఒప్పుకుంటున్నారు. వేదిక మీదకి ఎక్కను, కిందే జనం మధ్యలో కూర్చుంటాను, మైకు చేత్తో పట్టుకుంటాను. మొత్తం కథ చెప్పను, పుస్తకంలోంచి ఒక్క చోటు చదువుతాను, ఎక్కువసార్లు చదివేది కొచ్చి వాటర్ మెట్రో దగ్గర జరిగింది. 2023లో మొదలైంది ఆ పడవల సర్వీసు. అక్కడ జెట్టీ నీళ్ళ మీద తేలుతూ ఉంటుంది, నీటి మట్టం పెరిగితే పడవతో పాటు అదీ పైకి లేస్తుంది, తగ్గితే దాంతో పాటే దిగుతుంది, అందుకని పడవ అంచూ జెట్టీ అంచూ ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటాయి. నేను కుర్చీ తోసుకుంటూ ఆగకుండా లోపలికి వెళ్ళిపోయాను. ఎవరూ ఎత్తలేదు, ఎవర్నీ పిలవలేదు, చెల్లెలు వెనక ఎక్కడో టికెట్ దగ్గర ఉంది. నలభై ఆరేళ్ళ వయసులో పడవలోకి నా అంతట నేను ఎక్కడం అదే మొదటిసారి. కిటికీ పక్కన బ్రేకు వేసుకుని కూర్చుని, ఎర్నాకుళం వైపు ఓడలు పోతుంటే చూస్తూ, చెల్లెలు వచ్చేదాకా ఆ సంతోషాన్ని ఎవరితో చెప్పాలో తెలియక చక్రం మీద చెయ్యి వేసుకుని ఉండిపోయాను.

ఇది చదివాక ప్రశ్నలు మొదలవుతాయి, నేను ఊహించని మనుషుల దగ్గర్నుంచి. కుర్చీల్లో తిరిగేవాళ్ళు వస్తారని నేను అనుకున్నాను. వచ్చేది ఎక్కువగా అరవై దాటిన ఆడవాళ్ళు, మోకాళ్ళ నొప్పులు ఉన్నవాళ్ళు. మీటింగు అయిపోయాక మగవాళ్ళు బయటికి వెళ్ళేదాకా ఆగి, నా కుర్చీ దగ్గరికి వచ్చి వంగి, అమ్మా, రైల్లో బాత్రూం సంగతి ఎట్లా చేస్తావు, అని మెల్లగా అడుగుతారు. కాశీలో గంగ దాకా దిగగలనా? తిరిగి పైకి రాగలనా? నేను చూసినంతలో చెప్తాను. కాశీలో చాలా ఘాట్లు నిటారు మెట్లే, మోకాళ్ళు బాగాలేనివాళ్ళు దిగడం మంచిది కాదు, నమో ఘాట్ అని చేతులు జోడించినట్టు పెద్ద శిల్పాలు ఉన్నచోట ర్యాంపు ఉంది, అక్కడికి వెళ్ళండి అంటాను. రైలు రాయితీ గురించి అందరూ అడుగుతారు. పెద్దవాళ్ళ రాయితీ 2020లో తీసేశారు, మా రాయితీ ఉంది, తోడు లేకుండా ప్రయాణం చెయ్యలేని నాలాంటివాళ్ళకి స్లీపర్లో, థర్డ్ ఏసీలో 75 శాతం, తోడు వచ్చేవాళ్ళకీ అంతే. రైల్వే వాళ్ళు ఇచ్చే ఫోటో కార్డు చేయించుకుంటే ఇంట్లో కూర్చునే ఆన్‌లైన్‌లో బుక్ చేసుకోవచ్చు. ఈ కార్డు సంగతి తెలియక ఏళ్ళ తరబడి పూర్తి టికెట్ కొన్నవాళ్ళు నాకు ఈ ఏడు నెలల్లో ఐదుగురు కనపడ్డారు.

ఒక పెద్దావిడ, దగ్గర దగ్గర డెబ్భై ఐదు ఉంటాయి, నా పుస్తకం చివరి పేజీలో కొలతల మీద వేలు పెట్టి, మా కోడలికి చూపిస్తానమ్మా, తీసుకెళ్ళడం కుదరదు అంటోంది, కుదురుతుందని రాసి ఉందిగా ఇక్కడ, అంది. నూట యాభై రూపాయలు కొంగు ముడి విప్పి ఇచ్చింది. ఆ పుస్తకం మీద సంతకం పెట్టేటప్పుడు నా చెయ్యి వణికింది.

ఇక అసలు రాయాలనుకున్నది.

ఆరో మీటింగు. ఒక చిన్న పట్టణం, పేరు రాయను, హాలు ముందు మూడు మెట్లు. నిర్వాహకులు ముందే ఫోన్లో చెప్పారు, మెట్లున్నాయి మేడం, మావాళ్ళు నలుగురు ఉంటారు, కుర్చీతో సహా ఎత్తేస్తాం అని. నాకు అలవాటే, సరే అన్నాను. ఎత్తారు, లోపలికి వెళ్ళాను, గంటన్నర మాట్లాడాను, బాగా జరిగింది, ముప్పై పైన పుస్తకాలు పోయాయి. అంతా అయ్యాక ఒకావిడ వచ్చి, అక్కా, మా అబ్బాయి మిమ్మల్ని ఒక మాట అడుగుతాడంట, ఒక్కసారి బయటికి వస్తారా అంది. అబ్బాయి ఎక్కడ అన్నాను. ఆటోలో ఉన్నాడక్కా, అంది.

గేటు పక్కన ఆటో. వెనక సీట్లో దిండ్లు ఆనించి కూర్చోబెట్టారు. పంతొమ్మిదేళ్ళు, కండరాల జబ్బు, మెడ నిలపడం కూడా కష్టం. మీటింగు మొదలవకముందే వచ్చారట. అమ్మా కొడుకూ ఆ మెట్లు చూశారు, వాళ్ళది బ్యాటరీ కుర్చీ, మనిషి కాకుండానే చాలా బరువు, దాన్ని తీసుకురాలేదు, అబ్బాయిని ఎత్తితే మెడకి ప్రమాదం, అందుకని ఆటోవాణ్ణి బతిమాలి అక్కడే ఆపించుకుని గంటన్నర మైకులో విన్నాడు. ఫ్యాను లేదు, చెమటకి చొక్కా తడిసి ఒంటికి అంటుకుపోయి ఉంది. వాళ్ళమ్మ మధ్య మధ్యలో నీళ్ళు పడుతూ లోపలికీ బయటికీ తిరిగింది.

వాడి ప్రశ్న ఏమిటంటే, అక్కా, చక్రాల కుర్చీలోంచి దిగకుండా సముద్రాన్ని బాగా దగ్గరగా ఎక్కడ చూడచ్చు? సూర్యలంక బీచ్ మాకు దగ్గరే కానీ ఇసకలో చక్రం దిగిపోతుంది, రోడ్డు మీద నుంచి చూసి వచ్చేశాం, అన్నాడు.

ధనుష్కోటి చెప్పాను. రామేశ్వరం నుంచి వెళ్తే అరిచల్‌మునై దాకా తారు రోడ్డు ఉంది, 2017లో వేశారు, ఆ చివర రెండు వైపులా సముద్రం, ఇసకలో దిగక్కర్లేదు, రోడ్డు మీదే కుర్చీలో కూర్చుంటే గాలికి నీటి తుంపర మొహానికి తగులుతుంది. వాడు కళ్ళు మూసుకుని విన్నాడు. తర్వాత ఇంకో ప్రశ్న అడిగాడు, రాత్రి రైల్లో నన్ను గంటకోసారి పక్కకి తిప్పాలి, అమ్మ ఒక్కతే తిప్పగలదా? దానికి నా దగ్గర జవాబు లేదు. నాకు చేతులు పనిచేస్తాయి, నా అంతట నేనే తిరుగుతాను, పుస్తకంలో ఆ సంగతి ఎక్కడా లేదు. లేదని వాడికి చెప్పాను. కనుక్కుని చెప్తానన్నాను, ఇప్పటికి ఇద్దరు ముగ్గురిని అడిగాను, ఇంకా అడుగుతున్నాను.

ఇంటికి వచ్చేటప్పుడు దారంతా నాకు ఒకటే ఆలోచన. నన్ను ఎత్తారు కాబట్టి నేను లోపలికి వెళ్ళాను. నన్ను ఎత్తడం వల్ల ఆ హాలుకి మెట్లు ఉన్నాయన్న సంగతే అందరూ మర్చిపోయారు, నాతో సహా. నేను ఆ ఫోన్లో సరే అనకుండా ఉంటే, కింద ఎక్కడైనా పెట్టండి అని ఉంటే, ఆ పిల్లవాడు చెట్టు కింద ముందు వరసలో ఉండేవాడు. తప్పు నాది కూడా. ఆ రోజు నుంచి నియమం పెట్టుకున్నాను, మెట్లున్న హాల్లోకి నన్ను ఎత్తనివ్వను. బడి ఆవరణ కానీ, చెట్టు కింద కానీ, కల్యాణ మండపం కింది వాకిలి కానీ, చక్రం దొర్లుకుంటూ వచ్చే చోటైతేనే వస్తాను. ఇది చెప్పాక రెండు మీటింగులు రద్దయ్యాయి. ఒకాయన, మీ కోసం అంత చెయ్యాలా అన్నట్టు మాట్లాడారు కూడా. నా ఒక్కదాని కోసం అయితే నేనే వద్దనేదాన్ని.

ఇది దయతో చేసే పని కాదని కూడా అందరికీ చెప్తున్నాను. వికలాంగుల హక్కుల కోసం 2016 చట్టం ఉంది. ఆ చట్టం కింద రూల్స్‌లో కొలతలు సలహాల్లాగా ఉంటే కుదరదు, తప్పనిసరి చెయ్యండి అని 2024 నవంబరులో సుప్రీంకోర్టు చెప్పింది, ఆ కేసులో కోర్టు కోసం పరిస్థితులు పరిశీలించి నివేదిక ఇచ్చింది మన హైదరాబాద్‌లోని నల్సార్ లా యూనివర్సిటీ వాళ్ళే. ఇంకా లైబ్రరీ అయితే, మన ఇంటి పన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ పన్ను కలిసి ఉంటుంది. నేను కడుతున్నాను, ఆటోలో కూర్చున్న పిల్లవాడి తల్లీ కడుతోంది.

తొమ్మిదో మీటింగు కాలువ గట్టు ఊరు ఒకటి. అక్కడి లైబ్రరీకి కూడా మూడు మెట్లే. ముందే చెప్పాను కాబట్టి బయట వేపచెట్టు కింద కుర్చీలు వేశారు, ఒక యాభై మంది వచ్చారు. మాటల్లో ర్యాంపు లెక్క చెప్పాను, చాలా తేలిక లెక్క, ఎత్తు అంగుళం ఉంటే పొడవు అడుగు కావాలి. ఒకటికి పన్నెండు. చాలాచోట్ల ర్యాంపు అని చెప్పి నిటారుగా పోస్తారు, మోటారు సైకిల్ ఎక్కుతుంది, కుర్చీ వెనక్కి పల్టీ కొడుతుంది. టేపు చెల్లెలికి ఇచ్చి మెట్లు కొలవమన్నాను. మెట్టుకి ఏడు అంగుళాలు, మూడు మెట్లు, ఇరవై ఒకటి. అంటే ఇరవై ఒక్క అడుగుల ర్యాంపు. గేటు నుంచి మెట్ల దాకా ఉన్నది పద్నాలుగు అడుగులు. చోటు లేదు మేడం, ఏం చేస్తాం, అన్నారు ఎవరో.

వెనకాల నిలబడి వింటున్న ఒకాయన ముందుకి వచ్చాడు, లుంగీ, భుజం మీద తువ్వాలు, చేతి వేళ్ళ సందుల్లో సిమెంటు తెల్లగా ఎండిపోయి ఉంది. ఆ టేపు ఇట్టా ఇవ్వమ్మా, అన్నాడు. తాపీ మేస్త్రీ. మెట్ల పక్క నుంచి గోడ వెంబడి పట్టాడు, మూలకి వెళ్ళి తిప్పాడు, సుద్దముక్క అడిగి తీసుకుని నేల మీద గీత గీశాడు, మళ్ళీ వెనక్కి వచ్చాడు. సూటిగా ఎందుకు పొయ్యాలమ్మా, గోడ ఎమ్మటి పన్నెండు అడుగులు పోయి, మూల దగ్గర చదును పెట్టి, అక్కడ తిప్పితే తొమ్మిది, సరిపోయింది, అన్నాడు. చదును ఎంత ఉండాలి? కుర్చీ తిరగడానికి అని అడిగాడు. ఐదడుగులు అన్నాను. నువ్వు ఒకసారి తిరిగి చూపించమ్మా, అన్నాడు. అక్కడే, అందరి ముందు, సుద్ద గీతల మధ్య కుర్చీ తిప్పి చూపించాను. ఆయన నా చక్రాలు నేల మీద ఎంతమేర పోయాయో వంగి చూసి ఇంకో జానెడు బయటికి గీత గీశాడు. ఇన్నేళ్ళలో నా కుర్చీ వైపు అంత శ్రద్ధగా, జాలి ఏమీ లేకుండా చూసిన మనిషి ఆయనొక్కడే అనిపించింది.

పుస్తకం కూడా కొన్నాడు. ఆయనకి చదవడం అంత రాదట, కూతురు చదివి వినిపిస్తుందన్నాడు. ఆ తర్వాత అధికారుల అనుమతి కోసం సర్పంచి గారు, లైబ్రేరియన్ గారు కాగితాలు పెట్టారు, రెండు నెలలు పట్టింది, ఊళ్ళోవాళ్ళు ఇసక, ఇటుక ఇచ్చారు. మొన్న మంగళవారం మేస్త్రీ గారి కూతురు వాట్సాప్‌లో ఫోటో పంపింది. గోడ పక్కన ర్యాంపు, మూల దగ్గర చదును, తడి ఆరకముందే కుక్క ఒకటి నడిచి వెళ్ళినట్టుంది, కింద నుంచి పై దాకా అడుగులు వరసగా ఉన్నాయి. నాన్న మళ్ళీ నునుపు చేస్తానన్నాడు మేడం, వద్దన్నాం, అని రాసింది.

వచ్చే నెల రెండో ఆదివారం సాయంత్రం నాలుగింటికి మీటింగు అక్కడే, ఈసారి లోపల. సముద్రం గురించి అడిగిన అబ్బాయి బ్యాటరీ కుర్చీతోనే వస్తానన్నాడు, దాన్ని తేవడానికి చిన్న ట్రాలీ ఆటో మాట్లాడుతున్నాం. ఇంకెవరైనా కుర్చీలో వచ్చేవాళ్ళు, కర్రలతో వచ్చేవాళ్ళు, మోకాళ్ళ నొప్పులవాళ్ళు ఉంటే రెండు రోజుల ముందు నాకు ఒక్క మెసేజ్ పెట్టండి, మీ కుర్చీ వెడల్పు ఎంతో రాయండి. శనివారం చెల్లెలూ నేనూ వెళ్ళి లోపలి తలుపూ, బాత్రూం తలుపూ టేపు పెట్టి చూసి చెప్తాం.